ఎల్ఎల్ఆర్ గడువు దాటింది, రెన్యువల్ ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగం విజయవాడలో, హాస్టల్లో ఉంటున్నాను. స్కూటీకి, కారుకి కలిపి ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే లెర్నర్ లైసెన్స్) తీసుకున్నాను. పని హడావుడిలో డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళలేదు, ఆరు నెలలు పోయిన వారంతో అయిపోయాయి. రెన్యువల్ ఎలా చేయించాలి? మళ్ళీ కంప్యూటర్ పరీక్ష రాయాలా? ఈలోపు అన్నయ్య పక్కన కూర్చుంటే కారు నేర్చుకోవచ్చా? 3,500 ఇస్తే పాత ఎల్ఎల్ఆర్‌నే పొడిగించి ఇస్తానని ఒక ఏజెంట్ అంటున్నాడు. నమ్మొచ్చా?

సమాధానం: అమ్మా, ముందు ఏజెంట్ సంగతి తేల్చేద్దాం. ఆ డబ్బులు ఇవ్వకండి. విజయవాడలో డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నవాణ్ణి, ఈ "పొడిగింపు" మాట వారానికొకరైనా నా దగ్గరికి మోసుకొస్తారు. మోటారు వాహనాల చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఎల్ఎల్ఆర్ ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలలు చెల్లుతుంది. పక్కా డ్రైవింగ్ లైసెన్సుకైతే రెన్యువల్ కోసం విడిగా 15వ సెక్షన్ ఉంది. ఎల్ఎల్ఆర్‌కి అలాంటిది ఏమీ పెట్టలేదు. గడువు దాటితే కొత్తగా అప్లికేషన్ పెట్టుకుని, కొత్త ఎల్ఎల్ఆర్ తీసుకోవడమే. ఏజెంట్ కూడా చేసేది అదే. మీ ఆధార్ ఓటీపీ మీ చేతే చెప్పించుకుని, మీ పేరు మీద ఇంకో కొత్త అప్లికేషన్ వేస్తాడు. ఆ మాత్రం పని మీ ఫోన్లో మీరే చేసుకోగలరు.

మరి ఈ పొడిగింపు నమ్మకం జనంలోకి ఎలా వచ్చిందంటే, దానికీ కారణం ఉంది. కరోనా రోజుల్లో లైసెన్సులు, పర్మిట్లు, రిజిస్ట్రేషన్లు అన్నిటికీ కేంద్రం గడువు పెంచుకుంటూ పోయింది. 2020 ఫిబ్రవరి నుంచి ముగిసిపోయిన కాగితాలన్నీ చివరికి 2021 అక్టోబర్ 31 దాకా చెల్లాయి. తర్వాత 2024 జనవరి ఆఖర్లో లైసెన్సుల పనులు జరిగే ప్రభుత్వ వెబ్‌సైట్ సారథి పోర్టల్ మొరాయించి కొన్నాళ్ళు పనులు ఆగిపోతే, ఆ మధ్య గడువు తీరిన లైసెన్సులు, ఎల్ఎల్ఆర్‌లు ఫిబ్రవరి 29 దాకా చెల్లుతాయని ప్రకటించారు. అప్పుడు లాభపడినవాళ్ళు "నాకు పొడిగించారు కదా" అని ఇప్పటికీ చెప్తుంటారు. అవి దేశం మొత్తానికి ఇచ్చిన సడలింపులు. ఒక్కరి కోసం, ఒక్క ఆఫీసులో, డబ్బు తీసుకుని ఇచ్చేవి కావు.

కొత్త అప్లికేషన్ సారథి పోర్టల్లో పెట్టాలి. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, కొత్త లెర్నర్ లైసెన్స్ అని ఉన్న చోట మొదలుపెట్టండి. ఆధార్‌కి లింకైన ఫోన్ మీ చేతిలో ఉండాలి. ఇక్కడే సగం మంది ఆగిపోతారు. ఆధార్‌కి ఎప్పుడో ఇంటర్ చదివే రోజుల్లో నాన్నగారి నంబర్ ఇచ్చి ఉంటారు, ఓటీపీ ఆయన ఫోన్‌కి పోతుంది, ఆయనేమో పొలంలోనో దుకాణంలోనో ఉంటారు. ముందు అది చూసుకోండి. ఆరోగ్యం బాగానే ఉందని మీరే చెప్పుకునే ఫారం 1 మీ వయసువాళ్ళకి సరిపోతుంది. నలభై దాటినవాళ్ళకైతే డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. మీ ఇంట్లో అమ్మగారో నాన్నగారో కూడా లైసెన్స్ తీసుకునే ఆలోచనలో ఉంటే వాళ్ళకి ఇది పనికొస్తుంది.

ఫీజు లెక్క పెద్దదేమీ కాదు. ఎల్ఎల్ఆర్‌కి ఒక్కో రకం వాహనానికి 150, పరీక్షకి 50. మీకు రెండు రకాలు కాబట్టి ఎల్ఎల్ఆర్ ఫీజు 300, దానికి పరీక్ష ఫీజు కలుస్తుంది. తర్వాత డ్రైవింగ్ టెస్టుకి ఒక్కో రకానికి 300, లైసెన్సు జారీకి 200. వీటి మీద రాష్ట్రం వేసే సర్వీస్ చార్జీలు అదనం. ఇప్పుడు ఏజెంట్ చెప్పిన 3,500 పక్కన పెట్టి చూడండి.

ఎలాగూ కొత్తగా పెడుతున్నారు కాబట్టి వాహనం రకం దగ్గర ఒక్క నిమిషం ఆలోచించండి. స్కూటీ అని గేర్ లేని మోటార్ సైకిల్ మాత్రమే టిక్ చేస్తే, రేపు అన్నయ్య బైక్ తీయాల్సి వచ్చినప్పుడు మీ లైసెన్స్ దానికి చాలదు. గేర్ బండి నేర్చుకునే ఉద్దేశం నిజంగా ఉంటే ఇప్పుడే గేర్ ఉన్న మోటార్ సైకిల్ పెట్టుకోండి. టెస్టుకి కూడా గేర్ బండే తేవాలి మరి. ఆ ఉద్దేశం లేకపోతే వద్దు, అనవసరంగా ట్రాక్ మీద టెన్షన్ పడతారు.

పరీక్ష మళ్ళీ రాయాలా అంటే, రాయాలి. పోయినసారి పాసయ్యాను కదా అన్నది లెక్కలోకి రాదు. అయినా అందులో భయపడేదేం లేదు. తెలుగులో రాయొచ్చు, నూటికి అరవై వస్తే చాలు. ట్రాఫిక్ గుర్తులు, రోడ్డు నియమాలు, ప్రమాదం జరిగితే డ్రైవర్ ఏం చేయాలి, కాపలా లేని రైల్వే గేటు ఎలా దాటాలి, బండిలో ఏయే కాగితాలుండాలి, ప్రశ్నలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. ఎర్ర వలయంలో ఉన్నవి తప్పక పాటించాల్సినవి, త్రికోణంలో ఉన్నవి హెచ్చరికలు, నీలం పలకలు సమాచారం. ఇంత గుర్తుంటే సగం గుర్తుల ప్రశ్నలు వాటంతటవే విడిపోతాయి.

గుంటూరు ఆఫీసా, విజయవాడ ఆఫీసా అని మీరు అడగలేదు కానీ, అడగాల్సిన ప్రశ్న అదే. 2019 సవరణ తర్వాత మీరు నివసించే రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ ఆఫీసుకైనా దరఖాస్తు చేసుకోవచ్చని చట్టంలో ఉంది. ఆధార్లో గుంటూరు అడ్రస్ ఉంది కాబట్టి గుంటూరుకే పోవాలని లేదు. ఏది నయమంటే, టెస్టు రోజున బండి ఎక్కడుంటుందో అదే. కారు అన్నయ్య దగ్గర గుంటూరులో ఉంటే గుంటూరే పెట్టుకోండి. వారధి దాటించి, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ కారు తెచ్చేసరికే సగం ఓపిక అయిపోతుంది. అదే విజయవాడలో ఏదైనా స్కూల్లో చేరి నేర్చుకుంటుంటే, ఆ స్కూలు వాళ్ళు ఏ ట్రాక్‌కి తీసుకెళ్తారో కనుక్కుని ఆ ఆఫీసు ఎంచుకోండి. అలవాటైన కారులో, ముందు ఒకసారి చూసిన ట్రాక్ మీద టెస్టు ఇవ్వడానికీ, కొత్త చోట ఇవ్వడానికీ చాలా తేడా ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎల్ఎల్ఆర్ చేతికొచ్చాక ఆరు నెలలు ఉంది కదా అని అందరూ నింపాదిగా కూర్చుంటారు. చేతిలో నిజంగా ఉండేది ఆరు నెలలు కాదు. ఎల్ఎల్ఆర్ వచ్చిన ముప్పై రోజుల దాకా డ్రైవింగ్ టెస్టుకి రానివ్వరు. కొత్త ఎల్ఎల్ఆర్ తీసుకుంటే ఈ ముప్పై రోజులు కూడా మళ్ళీ మొదటినుంచే. అంటే ఐదు నెలలే మిగిలాయి. టెస్టు ఫెయిలైతే ఏడు రోజులు ఆగి మళ్ళీ రావాలి. మూడుసార్లు ఫెయిలైతే చివరి టెస్టు నుంచి అరవై రోజుల దాకా మళ్ళీ ఎక్కనివ్వరు. ముప్పై రోజుల మాట కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది, ఫెయిలైతే ఆగాల్సిన రోజుల లెక్క చట్టంలో 9వ సెక్షన్లో ఉన్నదే.

ఉదాహరణకి జూన్ 10న ఎల్ఎల్ఆర్ వచ్చిందనుకోండి. డిసెంబర్ 9తో అయిపోతుంది. జూలై 10 దాటాక టెస్టుకి వెళ్ళొచ్చు. జూలై మధ్యలో మొదటిసారి వెళ్ళి, ఖర్మకాలి వరసగా మూడుసార్లు తప్పినా, ఆగస్టు మొదట్లో అరవై రోజుల బ్రేక్ మొదలై అక్టోబర్ మొదటి వారంలో తీరుతుంది. ఇంకా రెండు నెలలు చేతిలో ఉంటాయి. అదే "బాగా నేర్చుకున్నాక వెళ్దాంలే" అని నవంబర్ పదిహేనుకి మొదటి స్లాట్ పెట్టుకున్నవాళ్ళ సంగతి చూడండి. ఒకసారి తప్పితే ఇరవై రెండో తేదీ దాటాలి. ఆ రోజుకి స్లాట్ దొరకాలి. రెండోసారి తప్పితే ఇక డిసెంబర్. స్లాట్లు నిండిపోయాయని కనపడుతుంటే పోర్టల్ ముందు కూర్చుని తలపట్టుకోవడమే. కాబట్టి మీ కొత్త ఎల్ఎల్ఆర్ రాగానే, రెండో నెలలో పడేలా మొదటి స్లాట్ పెట్టేసుకోండి. చేయి పూర్తిగా తిరగలేదని వెనకాడకండి. టెస్టులో తప్పడం నామోషీ ఏం కాదు, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో లారీలు తోలేవాళ్ళ పిల్లలు కూడా మొదటిసారి తప్పారు.

ఇప్పుడు అన్నయ్య పక్కన కూర్చుంటే నడపొచ్చా అన్న ప్రశ్న. ఈ క్షణాన నడపకూడదు. గడువు దాటిన ఎల్ఎల్ఆర్ ఉన్నా, అసలు ఎల్ఎల్ఆరే లేకపోయినా చట్టం దృష్టిలో ఒకటే, లైసెన్స్ లేకుండా నడపడమే. 181వ సెక్షన్ కింద 5,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఆ సెక్షన్లో ఉంది. బండి అన్నయ్య పేరు మీద ఉండి, ఆయనే మీ చేతికి ఇస్తే 180వ సెక్షన్ కింద ఆయనకీ విడిగా పడుతుంది. పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవడం అనేది చెల్లే ఎల్ఎల్ఆర్ ఉన్నప్పుడే పనికొచ్చే షరతు.

జరిమానా ఎలాగోలా కట్టేస్తాం. ఇన్సూరెన్స్ దగ్గరే కొంప మునిగేది. మీ కారు పాలసీ కాగితం ఎప్పుడైనా తీసి "డ్రైవర్ క్లాజ్" అన్నది చదవండి. చెల్లే ఎల్ఎల్ఆర్ ఉండి, కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 3వ రూల్ పాటిస్తే నేర్చుకునేవాళ్ళు కూడా నడపొచ్చని అందులో ఉంటుంది. అంటే ఎల్ఎల్ఆర్ బతికి ఉన్నంతకాలం కంపెనీ మిమ్మల్ని లైసెన్స్ ఉన్న డ్రైవర్‌గానే చూడాలి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్ళు లైసెన్స్ ఉన్నవాళ్ళ కిందే లెక్క అని చెప్పింది. గడువు దాటిన మర్నాడు ఈ రక్షణ పోతుంది. గోడకి గుద్దితే బంపర్ డబ్బులు మీవే. అదే ఎవరికైనా తగిలితే, కంపెనీ ముందు బాధితులకి కట్టి ఆ తర్వాత ఆ మొత్తం బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పడం మామూలే. అవి 5,000 లెక్కలు కావు, ఇల్లు అమ్ముకునే లెక్కలు. వారం ఆలస్యం కదా, ఎవరు చూస్తారులే అనుకోకండి.

కొత్త ఎల్ఎల్ఆర్ వచ్చాక కూడా ఆ 3వ రూల్ ఏం చెప్తుందో గుర్తుంచుకోండి. పక్కనున్న మనిషికి ఆ రకం బండికి చెల్లే లైసెన్స్ ఉండాలి, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. వెనక సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటూ సలహాలిచ్చే బావగారు పనికిరారు. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు, అక్షరం కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు. స్టిక్కర్ల షాపుల్లో అమ్మే చిన్న గుండ్రటి ఎల్ బొమ్మలు అందంగా ఉంటాయి కానీ కొలతకి నిలవవు. స్కూటీ మీదైతే వెనక కూర్చునే మనిషి నేర్పించేవాళ్ళే అయ్యుండాలి, వాళ్ళకి లైసెన్స్ ఉండాలి. హాస్టల్ స్నేహితురాలిని ఎక్కించుకుని పంజా సెంటర్‌కి షాపింగ్‌కి పోవడం కుదరదు. హెల్మెట్ ఇద్దరికీ.

కొత్తది వచ్చేలోపు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఇంటి పార్కింగ్‌లో ఇంజన్ ఆపేసి, డ్రైవర్ సీట్లో కూర్చుని సీటు ముందుకి వెనక్కి జరుపుకుంటూ మీ కాలికి క్లచ్ పూర్తిగా అందే చోటు కనిపెట్టండి. అద్దాలు సర్దుకోవడం, కిందకి చూడకుండా గేర్లు మార్చడం, ఇండికేటర్, వైపర్ మీటలు ఏ చేతికి ఎక్కడున్నాయో చూసుకోవడం, ఇవన్నీ బండి కదలకుండానే వచ్చేస్తాయి. ఎల్ఎల్ఆర్ వచ్చిన మొదటి రోజు ఇవన్నీ రోడ్డు మీద నేర్చుకుంటూ కూర్చుంటే అరగంట దండగ. రోడ్డు ప్రాక్టీసుకి ఆదివారం పొద్దున్నే అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంటుంది. గుంటూరులో అయితే ఇన్నర్ రింగ్ రోడ్డు, అదీ ఎండ ఎక్కకముందే. బ్రాడీపేట అడ్డరోడ్లు మాత్రం మొదటి నెలలో వద్దు, అక్కడ ప్రతి మలుపులో ఒక ఆటో ఉంటుంది.

ట్రాక్ మీద మా స్కూలు పిల్లలు ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. మొదటిది ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ కదిలించడం. బ్రేక్ మీద కాలు తీసి యాక్సిలరేటర్ మీదకి మార్చే ఆ క్షణంలో కారు వెనక్కి జారుతుంది, అంతే ఫెయిల్. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచండి. క్లచ్ మెల్లగా వదులుతూ రండి. ఒక దగ్గర ఇంజన్ శబ్దం మందగించి, బానెట్ కొద్దిగా పైకి లేచినట్టు అనిపిస్తుంది. కాలు అక్కడే ఆపండి. కొంచెం రేస్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించండి. కారు ముందుకే కదులుతుంది. ఆ హాఫ్ క్లచ్ చోటు ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది, అందుకే టెస్టుకి అలవాటు లేని కారు వద్దనేది. రెండోది హెచ్ అక్షరం ఆకారంలో ఉండే ట్రాక్‌లో రివర్స్. అందరూ తల వెనక్కి తిప్పి వెనక అద్దంలోంచి మాత్రమే చూస్తారు, ముందు చక్రం పక్కనున్న కడ్డీకి తగులుతుంది. రివర్స్‌లో ముక్కు ఎటు తిరుగుతుందో గమనిస్తూ, పక్క అద్దాలు కూడా చూసుకుంటూ, మనిషి నడిచే వేగం కన్నా నెమ్మదిగా పోవాలి. స్కూటీకి ఎనిమిది వేసేటప్పుడు కాలు కింద పెట్టకూడదు. చూపు చక్రం దగ్గర కాకుండా తర్వాతి మలుపు మీద ఉంచితే బండి దానంతటదే తిరుగుతుంది. ఇంకా సీటు బెల్టు పెట్టుకోక, ఇండికేటర్ వేయక తప్పేవాళ్ళున్నారు. వాళ్ళని చూసి మా బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గార్లు కూడా తల పట్టుకుంటారు.

డ్రైవింగ్ స్కూల్లో సర్టిఫికెట్ తీసుకుంటే టెస్టే అక్కర్లేదట కదా అని 2024 జూన్ నుంచి చాలామంది అడుగుతున్నారు. అప్పుడు వాట్సాప్‌లో తిరిగిన ఆ వార్త మీద కేంద్రమే వివరణ ఇచ్చింది, కొత్తగా మారిందేమీ లేదని. 2021 జూలై నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లలో కారు కోర్సు పూర్తి చేసి, వాళ్ళ పరీక్ష పాసైతేనే ఆ మినహాయింపు. ఆ కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు, అందులో 21 గంటలు నడపడమే. వీధిలో బోర్డు పెట్టుకున్న మామూలు స్కూళ్ళు, నాది కూడా కలిపి, ఇచ్చే సర్టిఫికెట్‌కి ఆ విలువ లేదు. ఎవరైనా "మా దగ్గర చేరితే టెస్ట్ లేదు" అంటే గుర్తింపు కాగితం చూపించమనండి.

స్లాట్ రోజుకి ఎల్ఎల్ఆర్ ప్రింటు, ఆధార్, కారు ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ చెల్లేవి ఉండేలా ముందురోజు రాత్రే చూసుకోండి. పొల్యూషన్ గడువు తీరిపోయిన సంగతి ఆఫీసు గేటు దగ్గర తెలిస్తే స్లాట్ గోవిందా. కారు అన్నయ్యది అయినా ఇబ్బంది లేదు, ఆయన పక్కన కూర్చుని మీరే నడుపుకుంటూ రావచ్చు. స్కూటీ మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్ళు నడిపి తెచ్చిపెట్టాలి, లేదా వాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని మీరు రావాలి. రెండు బండ్లు ఒకే రోజు కాబట్టి ఇంకో మనిషి తోడు కావాలి. ఆ రోజుకి వదినగారినో, బాబాయినో ఇప్పుడే మాట్లాడిపెట్టుకోండి.